మామ ఇవ్వనన్న వ్యాసం

అరవయ్యో దశకం మొదట్లో నా మొదటి పరిశోధన వ్యాసం ఒక వైద్య సంచికలో అచ్చయింది. అప్పుడు నేను హైదరాబాదులో ఒక దవాఖానలో క్యాన్సరు గడ్డల ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూసే చిన్న డాక్టరును. పొగాకు నమిలేవాళ్ల బుగ్గ లోపల వచ్చే తెల్లమచ్చ, క్యాన్సరు పుండు కాకముందే ఎలా ఉంటుందో అందులో రాశాను. ఫోటో కూడా వేశారు. ఇక లోకం తలకిందులవుతుందనుకున్నాను. ఏడాది గడిచినా లోకం ఎక్కడిదక్కడే ఉంది. చదివానన్న మనిషి ఒక్కడూ కనబడలేదు. "ఎవరైనా చదివారటయ్యా?" అని మా పెద్ద డాక్టరు టీ తాగే ప్రతిసారీ అడిగేవాడు. ఆ ప్రశ్న కంటే ఆయన నవ్వు నాకు ఎక్కువ మండేది.

అలాంటి రోజుల్లో యూరప్ నుంచి ఒక కార్డు వచ్చింది. నోటి క్యాన్సరు మీద పెద్ద పేరున్న ప్రొఫెసరు, నా వ్యాసం విడి ప్రతి ఒకటి పంపమని అడిగాడు! కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ కార్డును పెద్ద డాక్టరు కంటపడేలా రెండు రోజులు బల్ల మీదే ఉంచాను. సంచికవాళ్లు నా వ్యాసం వరకు విడిగా అచ్చేసి ఇచ్చిన ప్రతులన్నీ నల్లగొండలో బాపు దగ్గర దాచాను కాబట్టి, ఆదివారం బస్సెక్కాను.

బాపు మగ్గం దిగకుండానే చెప్పాడు.

"ఒక్కటి గూడ లేదు బిడ్డా. చెల్లె పెండ్లి కార్డుల తోటి పంచిన. నాలుగు మూలల పసుపు గూడ పెట్టిన."

"అది క్యాన్సరు గురించి రాసింది బాపూ!"

"అయితేంది? నీ పేరు అచ్చయింది. మనోళ్లు చూడొద్దా?"

పెండ్లి కార్డు విప్పగానే పాడైపోయిన బుగ్గ బొమ్మ చూసిన వియ్యంకుల ముఖాలు తలచుకుంటే కోపం పోయి నవ్వొచ్చింది. అచ్చు ప్రతికి బదులు టైపు కొట్టించిన కాగితం పంపడానికి మాత్రం నామోషీ. అందుకే చుట్టాల ఇండ్లకు బయలుదేరాను. పానగల్లులో చిన్నమ్మ దాన్ని పచ్చడి జాడీ కింద పరిచింది. ఇంకొకరింట్లో అది పుట్నాల పొట్లమైంది. చివరికి కొత్తకోట దగ్గర మేనమామ ఇల్లొక్కటే మిగిలింది.

మామ కూడా నేతగాడే. పొగాకు, సున్నం బుగ్గన లేకుండా మగ్గం ఎక్కడు. చదువు రాదు. నా వ్యాసం ఆయన దగ్గర నలగకుండా ఉంది. చేయి చాచాను. కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"ఇయ్యను."

"దేశం కాని దేశం నుంచి ప్రొఫెసరు అడిగిండు మామా!"

"గాయన బుగ్గల మచ్చ ఉన్నదా?"

"లేదు."

"మరి గాయనకెందుకు?"

మామ కిటికీ దగ్గరికి పోయి, అద్దం తెచ్చుకుని, బొమ్మ పక్కన పెట్టి నోరు తెరిచాడు.

"నీ చెల్లె పెండ్లయినకాడి నుంచి రోజూ పోల్చి చూస్తున్న అల్లుడా. రెండు ఒక్కతీరుగున్నయి. జర నువ్వు చూడు."

చూశాను. తెల్లమచ్చ, దాని అంచున చిన్న గరుకు. ఆ సాయంత్రం బస్సుకే మామను హైదరాబాదు తీసుకొచ్చాను. ముక్క తీశారు. దాన్ని మైక్రోస్కోపు కింద నేనే చూశాను. కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి గాని, ఇంకా లోపలికి దిగలేదు. తర్వాత మచ్చను పూర్తిగా కోసి తీసేశారు. పుండు మానాక మామ పొగాకును తిట్టిన తిట్లు రాయలేను.

ప్రొఫెసరుకు టైపు కాగితమే పంపాను, ఫోటో మళ్లీ కడిగించి జతచేశాను. నామోషీ ఏమీ అనిపించలేదు. ఆయన తన వ్యాసం అడుగున నా పేరు ఒక్క వరుసలో వేశాడు. సంతోషించాను, కాదనను. పెద్ద డాక్టరుకు రెండుసార్లు చూపించాను కూడా.

కాని ఆ ఏడాదే ఒక పొద్దున దవాఖాన వరండాలో మామ కనిపించాడు. వెంట ఇంకో నేతగాడు, భయంతో తల వంచుకుని నిలబడ్డాడు. మామ వాడకట్టులో పొగాకు నమిలే ప్రతివాడినీ కిటికీ దగ్గర నిలబెట్టి, నోరు తెరిపించి, బొమ్మతో పోల్చి చూస్తున్నాడట.

"గీయన మచ్చ గూడ బొమ్మ తీరుగనే కొడుతున్నది అల్లుడా."

ఆ మనిషిని వెలుతురుకు తిప్పి చూశాను. మామ పొరపడలేదు. వేళకే తెచ్చాడు.