దాటనివాళ్ల లెక్క

తొంభైల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, లోకంలోని కష్టాలన్నీ సరిగ్గా లెక్కపెట్టకపోవడం వల్లే వచ్చాయని నా గట్టి నమ్మకం. డిగ్రీ లేదు కానీ ఇరవై అయిదో ఎక్కం దాకా వచ్చు. (రెండూ సమానమే అనుకునేవాణ్ణి.) కాలినడకన పోయే జనం భద్రత మీద పరిశోధన చేసే ఒక సారు నన్ను రోజుకూలికి కుదుర్చుకుని, హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో రోడ్డు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. రోడ్డు దాటిన ప్రతి మనిషికీ సారిచ్చిన గళ్ల కాగితంలో ఒక గీత పెట్టాలి. గీతలు చాలినన్ని వస్తే అక్కడ స్పీడ్ బ్రేకర్ కోసం సిఫారసు చేస్తారు.

అది అందరికంటే ఎక్కువ కావలసింది అక్కడే పూలమ్మే ఒక అవ్వకి. ఆమె బుట్ట ఇటు, షుగర్ గోలీలిచ్చే దవాఖాన అటు. ఒకరోజు నా పక్కనే నిలబడి రోడ్డు మీద కాలు పెట్టడం, లారీ రాగానే వెనక్కి తీయడం.

"నన్ను రాసినవా బిడ్డా?"

"నువ్వు దాటలే కదా అవ్వా."

"దాటనిస్తే గద దాటేది! గా లారీవోణ్ణి అడుగు పో."

పదకొండుసార్లు కాలు పెట్టి తీసింది. (మనసులో లెక్కపెట్టాను, కాగితం మీద కాదు.) చివరికి గోలీలు లేకుండానే బుట్ట దగ్గరికి పోయి కూర్చుంది. అది చూసి, పక్కనే ఆటో ఆపుకునే అన్న ఒకాయన నలుగురిని వెంటేసుకొచ్చాడు. "గీతలే గద భాయ్ కావాల్సింది? ఫికర్ జెయ్యకు. మేం అటూ ఇటూ తిరుగుతం, నువ్వు గీకుతుండు." దొంగ గీతలు గీయనన్నాను. "ఏందిరా బై, రోడ్డు దాటుడుకు గూడ ఇమాన్ జూస్తుండు వీడు!" అని తిట్టుకుంటూ పోయాడు.

వారం తర్వాత సారు నా కాగితాలు తిరగేశారు. "భలే శుభ్రంగా చేశావయ్యా. దాటేవాళ్లే తక్కువ, ఇక్కడ అవసరం లేదు."

"భయపడి దాటట్లేదు సార్. ఒక అవ్వయితే పదకొండుసార్లు వెనక్కొచ్చింది."

"ఏ గడిలో రాశావు?"

అలాంటి గడి లేదు.

స్పీడ్ బ్రేకర్ రాదని అవ్వకి చెప్పాల్సి వచ్చింది. ఆమె బుట్టలో పూలు సర్దుకుంటూ, "నువ్వేం జేస్తవ్ తియ్ బిడ్డా, నీ లెక్క నువ్వు మంచిగనే జేసినవ్" అంది. తిట్టినా బాగుండేది. పని దొరికి వేరే బస్తీకి మారేదాకా, గోలీలిచ్చే రోజున ఆమెను చేయి పట్టుకుని దాటించాను. ఆ తర్వాత ఎవరు దాటించారో నాకు తెలియదు.

ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడు ఇప్పుడు నాకు ఎదురుపడితే, కాగితం అంచున ఉన్న ఖాళీ చూపించి, "ఇక్కడ రాయొచ్చు కదరా" అని అడగాలనుంది. వాడు ఒప్పుకోడు. అక్కడ గడి గీసి లేదండీ అంటాడు, ఎంతో మర్యాదగా.