నలభై మూడు నక్షత్రాలు

మొన్న మధ్యాహ్నం మా రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కరెంటు పోయింది. ఈ తడ ఊళ్ళో అదేమంత వింత కాదు. జనరేటర్ అందుకునేలోగా యూపీఎస్ కాసేపు మోగుతుంది, మేము పట్టించుకోం. కానీ పాతది చెడిపోవడంతో ఈమధ్యే కొత్తది పెట్టారు. దాని మోత వేరు. పొట్టిగా రెండు, కాస్త ఆగి పొడుగ్గా ఒకటి. చేతిలో గాజు గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పదేళ్ళ కిందట అల్లూరులో ఒక మేడ మీది గదిలో ఆ మోతను కొన్ని వందల సార్లు విన్నాను. కంప్యూటర్ ఆటలో మా ఓడ కొత్త నక్షత్రం దగ్గరికి చేరినప్పుడల్లా అలాగే మోగేది. అది వినగానే పక్క కుర్చీలోంచి సుగుణ మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, "వచ్చినాం పాపా, చూడు" అనేవారు. కరెంటు వచ్చింది, మోత ఆగింది. నాకు మాత్రం ఆ రోజంతా ఆవిడే గుర్తొస్తూ ఉన్నారు.

సుగుణ మేడమ్ దగ్గరే నేను మొదటి ఉద్యోగం చేశాను. అల్లూరు బజారుకు కాస్త ఎడంగా ఆవిడకొక చిన్న ల్యాబ్ ఉండేది. రొయ్యల గుంటల్లో వదిలే పిల్లలకు తెల్లమచ్చ రోగం ఉందో లేదో అక్కడ పరీక్ష చేసేవాళ్ళం. కింద ల్యాబ్, పైన ఆవిడ ఇల్లు. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతుతోనే వారమంతా రైతులను గద్దించేవారు. మాది మైపాడు దగ్గర చేపలు పట్టే కుటుంబం. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చేరిన మొదటి రోజు నేను ప్రతి గొట్టం మీది అంకెనూ రెండేసి సార్లు చదవడం చూసి, "భయమైతే మంచిదే లే. భయం లేనోళ్ళే గొట్టాలు తారుమారు చేస్తారు" అన్నారు. తిట్టారో ధైర్యం చెప్పారో అర్థం కాలేదు. ఆవిడ మాటలు చాలావరకు అలాగే ఉండేవి.

నమూనాలు యంత్రంలో పెట్టాక ఫలితం రావడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఆ సమయంలో ఆవిడ పైకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చునేవారు. మోకాలి ఆపరేషన్ తర్వాత మూడు నెలలు కదలకుండా ఉండాల్సి వచ్చినప్పుడు, కాలక్షేపానికి ఎవరో చుట్టాలబ్బాయి ఆ ఆట పెట్టించి వెళ్ళాడట. ఆటలో యుద్ధాలు చేయనక్కర్లేదు. ఒక చిన్న ఓడ ఇస్తారు. లెక్కలేనన్ని నక్షత్రాలు. ఎక్కడికైనా పోవచ్చు. చాలా చోట్లకు అంతవరకూ ఎవరూ వెళ్ళి ఉండరు. "కాలు నేల మీద పెట్టలేకపోయినా ఆకాశమంతా తిరిగినాను" అని నవ్వేవారు.

ఆ ఆటలో ఒక కథ ఉంది. అందరికంటే ముందు బయలుదేరిన ఓడ ఒకటి తిరిగి రాలేదని, అది ఏదో నక్షత్రం చాటున ఇప్పటికీ ఉందని, అందులోంచి సన్నగా ఒక పాట వినిపిస్తుందని. ఆట తయారుచేసినవాళ్ళు "ఉంది" అన్నారే గాని ఎక్కడో చెప్పలేదు. ప్రపంచమంతా ఏళ్ళ తరబడి దానికోసం వెతుకుతోంది. కొందరు అదంతా కట్టుకథ అన్నారు. తెలుగువాళ్ళు ఇరవై మంది దాకా ఒక గుంపుగా చేరి, ఆకాశంలో ఒక మూలను పంచుకుని గాలిస్తున్నారు. ఆ గుంపు లెక్కలన్నీ సుగుణ మేడమ్ దగ్గర, ఒక పొడవాటి పుస్తకంలో ఉండేవి. నక్షత్రం పేరు, వెళ్ళినవాళ్ళ పేరు, చివర "ఉంది" లేదా "లేదు". ఆవిడ రాసిన పేజీలన్నిటా "లేదు" అనే ఉండేది. విసుగు రాదా అని అడిగాను. "ఎందుకు పాపా విసుగు? నేను లేదని రాస్తే ఇంకొకరు ఆడికి పోయే పని తప్పుతాది గదా" అన్నారు.

నెల తిరక్కుండానే నన్నూ ఆ గుంపులో చేర్చారు. తన పాత ల్యాప్‌టాప్ ఒకటి నాకిచ్చారు. ఒక నక్షత్రాన్ని సరిగ్గా చూడాలంటే దాని చుట్టూ ఉన్న గ్రహాలన్నిటి దగ్గరికీ వెళ్ళి, ఒక్కో చోట కాసేపు ఆగి వినాలి. ఇరవై నిమిషాలైనా పడుతుంది. మొదట్లో అలాగే చేశాను. తర్వాత ఒక సాయంత్రం, కేవలం బద్ధకంతో, ఒక నక్షత్రాన్ని, గ్రహాల దగ్గరికి పోకుండా దూరం నుంచే చూసి "లేదు" అని రాసేశాను. ఏమీ కాలేదు. మర్నాడు ఇంకో మూడు రాశాను. కొద్ది రోజులకే గుంపులో అందరికంటే నాదే ఎక్కువ లెక్క తేలింది. ఎవరో "రమ గారు రాకెట్" అని రాశారు. అంతవరకు నన్ను ఎవరూ దేనికీ అలా మెచ్చుకుని ఎరగరు. సుగుణ మేడమ్ కూడా, "మైపాడు పిల్ల గదా, వలేస్తే వదలదు" అని మురిసిపోయారు. ఆ మాట తర్వాత ఆగడం ఇంకా కష్టమైంది. అలా చూడకుండా రాసినవి నలభై మూడు అయ్యాయి. ఆట కదా, ఎవరికి నష్టం అనుకునేదాన్ని.

ఒక వేసవి ఉదయం శీనయ్య అనే రైతు రొయ్య పిల్లల నమూనా తెచ్చాడు. పిల్లలున్న ప్లాస్టిక్ సంచులు బయట వ్యానులో ఉన్నాయి. మేడమ్ మోకాలు చూపించుకోవడానికి నెల్లూరు వెళ్ళారు. మేము ప్రతి విడతలోనూ, రోగం ఉన్నట్టు ముందే తెలిసిన నమూనా ఒకటి పక్కనే పెడతాం. యంత్రం దాన్ని పట్టుకుంటేనే మిగతా వాటికి చెప్పే "లేదు"ను నమ్మాలి. పట్టుకోకపోతే ఆ విడత మొత్తం చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఆ రోజు అది పట్టుకోలేదు. నేను చూశాను. చూడలేదని ఇప్పుడు కూడా చెప్పలేను. కానీ గుమ్మంలో శీనయ్య నిలబడి, "పాపా, ఎండకి పిల్లలు సచ్చిపోతాయి, ఏందో ఒకటి చెప్పు తల్లీ" అంటున్నాడు. మళ్ళీ రెండు గంటలంటే మీద పడేలా ఉన్నాడు. శీనయ్య పిల్లలకు రోగం లేదనే వచ్చింది కదా అనుకున్నాను. నా చెయ్యి దానంతటదే "లేదు" అని రాసి సంతకం పెట్టింది. దానికి ఆ మాట బాగా అలవాటైపోయింది మరి.

శీనయ్య వెళ్ళిన అరగంటకు మేడమ్ వచ్చారు. చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, అలవాటు కొద్దీ కాగితాలు తిరగేశారు. ఒక కాగితం దగ్గర ఆగిపోయారు.

"పాపా, ఇందులో మనం పెట్టింది రాలేదే?"

నేను గొట్టాలు కడగడం మొదలుపెట్టాను.

"శీనయ్యకి ఏం చెప్పినావు?"

"లేదని చెప్పాను మేడమ్."

ఆవిడ అరవలేదు. ఫోన్ తీసి శీనయ్యకు చేశారు. సముద్రం పక్క గుంటల దగ్గర సిగ్నల్ ఉండదు, కలవలేదు. "స్కూటీ తియ్" అన్నారు. నెల్లూరు నుంచి బస్సులో నిలబడి వచ్చారట, మోకాలు వాచి ఉంది. అయినా వెనక కూర్చుని ఒక చేత్తో నా భుజం పట్టుకున్నారు. అల్లూరు దాటాక వరి పొలాల మధ్య దారంతా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా నా భుజం మీద ఆవిడ వేళ్ళు బిగుసుకునేవి. పిల్లల్ని ఈపాటికే వదిలేసి ఉంటాడు, వాటికి రోగముంటే ఆ గుంటే కాదు, పక్క గుంటలన్నీ పోతాయి అని నా తలలో అదే తిరుగుతోంది.

మేము వెళ్ళేసరికి సంచులు గుంటలో తేలుతున్నాయి. పిల్లలు నీటి వేడికి అలవాటు పడాలని విప్పకుండా కాసేపు అలా వదులుతారు. శీనయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మొదటి సంచి మూతి విప్పబోతున్నాడు.

"శీనయ్యా, ఆపు! విప్పబాక!" చర్చిలో పాట ఎత్తుకున్నట్టే ఉంది ఆ గొంతు.

ఆయన తల ఎత్తాడు. మేడమ్ కుంటుతూ గట్టు మీదికి వెళ్ళి, "పరీక్షలో తప్పు జరిగింది. తప్పు మాదే. ఇంకోసారి చెయ్యాల. అందాకా పిల్లల్ని తొట్టిలో పోసి గాలి పెట్టుకో" అన్నారు. శీనయ్యకు కోపం ముంచుకొచ్చింది. "ఇన్నేళ్ళ నుంచి నీ మాట నమ్మినానే మేడమ్! చేతగాకపోతే ల్యాబు మూసుకోరాదా?" అని కేకలేశాడు. పక్క గుంటల వాళ్ళు కూడా చూస్తున్నారు. ఆవిడ తల వంచుకుని వింటున్నారే తప్ప నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను నోరు విప్పేదాన్ని కాదు.

"మేడమ్‌ది కాదన్నా, తప్పు నాది" అన్నాను. "ఆమె ఊళ్ళో లేదు. సరిగా రాలేదని తెలిసే సంతకం పెట్టినాను."

శీనయ్య నన్ను ఎగాదిగా చూసి, సంచి మూతి బిగించి కట్టాడు. "సరే, తొందరగా చెయ్యండి" అన్నాడు అంతే.

తిరిగి వచ్చి మళ్ళీ పరీక్ష పెట్టాం. ఆ రెండు గంటలూ మేడమ్ పైకి వెళ్ళలేదు. యంత్రం పక్కన స్టూలు వేసుకుని, కాలు ఇంకో స్టూలు మీద చాపి, డబ్బాలోని పెరుగన్నం సగం నాకు పెట్టారు. నా ముద్ద పక్కన పెట్టి, నక్షత్రాల సంగతి కూడా చెప్పేశాను. నలభై మూడు. ఒక్కదాన్నీ దగ్గరికెళ్ళి చూడలేదని.

ఆవిడ తినడం ఆపారు. ఇందాక కాగితం చూసినప్పటి కంటే ఇప్పుడే ఆ ముఖం ఎక్కువ వాడిపోయింది.

"చూళ్ళేదని రాసుంటే ఏం పోయేది పాపా?" అన్నారు. "చూళ్ళేదు అని రాస్తే ఇంకొకరు పోయి చూస్తారు. లేదు అంటే ఇంకెవురూ పోరు. నువ్వు తలుపు మూసేసినావు."

ఏడుస్తూ, ఉద్యోగం మానేస్తానన్నాను. "మానేస్తే ఆ నలభై మూడూ ఎవురు చూస్తారు? నా మోకాలా?" అన్నారు.

అప్పుడే యంత్రం పని ముగిసింది. ఇద్దరం తెర మీదికి వంగాం. మేము పెట్టిన నమూనా గీత చక్కగా పైకి లేచింది. శీనయ్య పిల్లల గీత మాత్రం కదలకుండా కింద పడుకుని ఉంది. రోగం లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు, ప్రార్థన కాబోలు. మళ్ళీ స్కూటీ మీద వెళ్ళి, ఈసారి నేనొక్కదాన్నే, ఆ మాట శీనయ్యకు చెప్పాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వదలమంటావా అయితే?" అన్నాడు. "వదులన్నా" అన్నాను. పిల్లలు నీళ్ళలోకి జారిపోవడం గట్టు మీద కూర్చుని చివరిదాకా చూశాను. వచ్చేటప్పుడు అదే దారి, అవే గుంతలు. ఎదురుగాలి చల్లగా తగులుతుంటే, ఉదయం నుంచి ఊపిరి సగమే తీసుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

గుంపుకు నేనే రాశాను. ఎన్ని నక్షత్రాలో, వాటి పేర్లతో సహా. ఒకాయన నన్ను తీసేయమన్నాడు. "తీసేయబాకండి. అవి మళ్ళీ చూడాల్సింది ఆ పాపే" అని మేడమ్ జవాబిచ్చారు. రెండు నెలలు పట్టింది. వీలైన రోజున ఒకటి, ఎప్పుడైనా రెండు. ప్రతి గ్రహం దగ్గరా ఆగి, చెవులు రిక్కించి వినేదాన్ని. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని పుస్తకంలో రాసేవారు. నాకు ఒకటే భయం. ఆ ఓడ వీటిలోనే ఉంటే? ఇన్నాళ్ళూ ఇంతమందికి దాన్ని అందకుండా చేసింది నేనే అవుతాను. ఆ భయం చెబితే ఆవిడ పకపకా నవ్వారు. "ప్రపంచమంతా దొరకాలని ఎతకతా ఉంటే, దొరక్కూడదని ఎతికేదానివి నువ్వొక్కదానివే."

ముప్పై ఎనిమిదో నక్షత్రం దగ్గర, ఒక నీలం గ్రహం వెనక్కి వెళ్ళగానే సన్నగా ఏదో వినిపించింది. మేడమ్ మోకాలి సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డారు. "పో, దగ్గరికి పో" అన్నారు గుసగుసగా. వెళ్ళాను. ఎవరో ఆటగాడు ఎప్పుడో వదిలేసి పోయిన చిన్న దీపపు బుడ్డి లాంటి పరికరం, తిరుగుతూ కీచుమంటోంది. ఆవిడ నిరాశగా కూర్చున్నారు. నేను బల్ల మీద తల పెట్టి నవ్వుతూనే ఉన్నాను. కాసేపటికి ఆవిడకీ నవ్వొచ్చింది.

నలభై మూడోది ఒక ఆదివారం చూశాం, ఆవిడ చర్చి నుంచి వచ్చాక. చిన్న ఎర్ర నక్షత్రం, రెండే గ్రహాలు. రెండింటి దగ్గరా ఏమీ లేదు. "రాయమంటావా?" అని మేడమ్ అడిగారు. "రాయండి, లేదు" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా, అంత నిండుగా నా నోట అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

తర్వాత నాలుగేళ్ళకు మేడమ్ ల్యాబ్ అమ్మేసి గూడూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళారు. నేను తడ వచ్చాను. ఆ ఓడ ఇంకా ఎవరికీ దొరకలేదు. ఆవిడ ఇప్పటికీ వెతుకుతున్నారు. ఫోన్ చేస్తే ముందు ఆ సంగతే చెప్తారు, తర్వాతే ఆరోగ్యం. నేను ఆడి చాలా కాలమైంది.

పోయిన నెల మా ఫ్యాక్టరీ మీటింగులో పెద్ద మేనేజర్ అందరి ముందూ నన్ను అడిగారు, ఎగుమతికి సిద్ధమైన సరుకు మొత్తం పరీక్షించానా అని. రెండు పెట్టెలు మిగిలాయి. లారీ గేటు దగ్గర ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒకప్పుడైతే ఆ చూపులకే తల ఊపేసేదాన్ని.

"రెండు పెట్టెలు ఇంకా చూడలేదు సార్" అన్నాను. ఆయన ముఖం చిట్లించారు. "చూసి వచ్చి చెప్తాను" అని లేచి, కోటు తొడుక్కుని ల్యాబ్ వైపు నడిచాను.