బాన అడుగున గుప్పెడు బియ్యం

కులవ్యవస్థ ఎట్లా ఉంటుందో చూడాలంటే మా సామాన్ల గదిలోకి తొంగి చూస్తే చాలు. పై అరలో ఊరగాయ జాడీలు. స్నానం చేయనివాళ్లు వాటిని తాకరాదు. నడిమి అరలో పప్పులూ బెల్లమూ. కింది అరలో ఉప్పు, చింతపండు. మైపాడు నుంచి తెచ్చుకునే ఎండుచేపల బుట్టకు మాత్రం లోపల చోటు లేదు, వసారా దూలానికి వేలాడుతుండేది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇల్లు మాది. తినేటప్పుడు లేని అంటు దాచేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో అమ్మ చెప్పలేదు, నేను అడగడం మానలేదు.

అరవైల మొదట్లో, ఊరూరా సభల్లో మూఢనమ్మకాలను చెండాడుతూ తిరిగే రోజుల్లో, ఒక వేసవిలో ఆ గది సర్దే పని నెత్తిన వేసుకున్నాను. నన్ను అందులోకి దింపింది ముక్కపురుగు. ఏటా చిట్టమూరులోని మా పొలం బియ్యం బండి మీద వచ్చేవి. వాటిని నడుమెత్తు మట్టిబానలో పోసేవాళ్లం. వానలు పడేసరికి పురుగు పట్టేది, ఆ తర్వాత అన్నమంతా ముక్కవాసన. అమ్మ వేపాకు వేసేది. నా భార్య చేట పట్టుకుని పొద్దుగూకేదాకా చెరిగేది. పురుగు మాత్రం ఇల్లు తనదే అన్నట్టు తిరిగేది.

కొత్త బియ్యం రావలసిన ముందురోజు బానలోకి వంగి చూశాను. అడుగున గుప్పెడు పాత బియ్యం, వాటి మీద పురుగుల తిరునాళ్ల. అప్పుడర్థమైంది. బాన పూర్తిగా ఖాళీ చేయకూడదనీ, పాత గింజలుండగానే కొత్తవి పోయాలనీ, లేకపోతే లక్ష్మి వెళ్లిపోతుందనీ అమ్మ నియమం. అంటే పాలకు మజ్జిగ తోడు వేసినట్టు, కొత్త బియ్యానికి ఏటా పాత పురుగును మేమే తోడు వేస్తున్నాం.

ఆ గుప్పెడూ కోళ్లకు వేసి బాన కడిగి ఎండబెడదామన్నాను. నీ లక్ష్మికి ఆరు కాళ్లూ ఒక ముక్కూ ఉన్నాయని కూడా అన్నాను. అమ్మ నవ్వలేదు.

"గాలివాన వచ్చిన ఏడు మా అమ్మ బాన అడుగు గోకతా ఉంటే ఆ చప్పుడు విన్నాను అబ్బయా. ఆకలి కన్నా ఆ చప్పుడే బాగా గుర్తుండాది. ఈ ఇంట్లో అది వద్దు."

జవాబు లేనప్పుడు వక్తలు చేసే పనే చేశాను, గొంతు పెంచాను. చేట పట్టుకుని అలిసిపోయిన నా భార్యే దారి చూపింది.

"పారేయొద్దులే అత్తా, వండేద్దాం. ఇంట్లోనే ఉంటుంది గదా."

అమ్మ నా వైపు చూసింది.

మరునాడు పొద్దున్నే ఏరి, కడిగి, వండి నా ఒక్కడికే వడ్డించారు. చేపల పులుసు కలిపినా వాసన పోలేదు. బాన కడిగి ఎండకు పెట్టాక అమ్మ చెప్పింది:

"బండి వచ్చేదాకా గడప దాటబాక. లక్ష్మి నీ కడుపులో ఉండాది."

ఆ రోజే గూడూరులో సభ. ఆచారాలు సమాజానికి అవసరమా అన్నది చర్చ. వెళ్లకుండా ఎట్లా? బస్సెక్కాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. మధ్యలో ముక్కవాసన తేన్పొకటి వస్తే మంచినీళ్లు తాగి లక్ష్మిని కిందికి పంపాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. బియ్యం మూటలు అరుగు మీదే ఉన్నాయి, వాటి మీద అమ్మ కూర్చుని ఉంది. బండి మధ్యాహ్నమే వచ్చిందట. పోయనివ్వలేదని నా భార్య కళ్లతోనే చెప్పింది.

"బాన ఖాళీగా ఉండాది. వచ్చి చెయ్యి పెట్టు," అంది అమ్మ.

వాదించవచ్చు. వాదన తేలేలోపు ఏడాది తిండి తడిసిపోతుంది. భుజం దాకా బానలోకి వంగి అరచెయ్యి అడుగున ఆనించాను. ఎండకు కాగిన మన్ను ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ మొదటి చేట నా చేతి మీదే పోసింది. మణికట్టు మునిగాక, ఇక చాలు, తియ్యమంది. ఆఖరి మూట లోపలికి చేరేసరికి అరుగు మీద చినుకులు.

ఆ ఏడు అన్నం ముక్కవాసన కొట్టలేదు. ఎండబెట్టిన బాన మహిమ అని నేను, నా చేతి మహిమ అని అమ్మ. మరుసటి వేసవిలో బానలో బియ్యం అడుగుకు రాగానే నాకు కబురొచ్చింది: ఊళ్లు తిరగడం ఆపి భోజనానికి రమ్మని. తిన్నాను. కొత్త బియ్యం వచ్చాయి. బాన దగ్గర నిలబడి చేతులు కట్టుకున్నాను. ఎండుచేపల బుట్ట లోపలికి వస్తేనే చెయ్యి పెడతానన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, కోడలి వైపు తిరిగింది.

"బుట్ట తెచ్చి కింది అరలో పెట్టమ్మా. లక్ష్మే అడిగినాక కాదనేదేముంది."