ప్రభుత్వం కాళ్లు కడుక్కున్న రోజు

బ్యారేజీ గేట్ల మరమ్మతు కోసం ఈ మధ్య నీళ్లు కిందికి వదిలారు. భవానీపురంలో మా ఇంటి కిటికీ తెరిస్తే ఆరుతున్న నది బురద వాసన లోపలికి వస్తోంది. వీధిలో అందరూ విసుక్కుంటున్నారు. నేను మాత్రం కిటికీ వేయలేదు. నాంచారమ్మ పోయిందన్న కబురు అప్పటికి కొద్దిరోజుల క్రితమే వచ్చింది. ఆమెను గురించి రాయాలని కూర్చున్నాను. గొప్ప మాటలు వాడితే ఆమెకు నచ్చదు. ఎవరైనా ఎక్కువగా పొగిడితే, "ఏంటి, ఓట్లకొచ్చారా?" అని అడిగే మనిషి.

నాగాయలంక దాటాక కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య ఉన్న ఒక లంక ఊళ్లో నా టీచరు ఉద్యోగం మొదలైంది. విజయవాడ నుంచి చల్లపల్లి మీదుగా బస్సు, ఆ తర్వాత ఆటో, చివరికి పడవ. వారమంతా అక్కడే ఉండాలి కాబట్టి నాంచారమ్మ ఇంట్లో ఒక గది తీసుకున్నాను. ఆమె వేటకు వెళ్లొచ్చిన పడవల దగ్గర చేపలు కొని, మిగతా ఆడవాళ్లతో కలిసి గంపలో అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి అమ్మేది. పోటు వేళ నీళ్లు నిండుగా ఉంటాయి, పడవ ఒడ్డుకు ఆనుకుంటుంది. పాటు వేళ నీళ్లు వెనక్కి పోతాయి, పడవ దూరంగా ఆగిపోతుంది. అప్పుడు నెత్తిన గంపతో మోకాటిలోతు బురదలో నడవాలి. లోతు నీళ్ల దాకా ఒక సిమెంటు రేవు కట్టమని ఆ ఊరు ఎప్పటినుంచో అడుగుతోంది.

నేను వెళ్లిన మొదటి సాయంత్రమే ఆమె అడిగింది. "విజయవాడోళ్లా మీరు? అయితే మీకు ప్రభుత్వం కనపడుద్దా?"

రాష్ట్రం అప్పటికింకా విడిపోలేదు. రాజధాని హైదరాబాదులో ఉంది, మాకూ దూరమేనన్నాను.

"మీ దూరం వేరులెండి. మీది బస్సెక్కితే అయిపోయే దూరం," అంది.

ఎన్నికల ముందు నాయకులు వచ్చేవారు. వాళ్లెప్పుడూ పోటు వేళకే వచ్చేవారు. చెప్పులు తడవకుండా దిగి, దండలు వేయించుకుని, నీళ్లు తియ్యకముందే వెళ్లిపోయేవారు. రేవు లేకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. ఒకసారి ఒక అభ్యర్థి, ఎన్నింటికి రమ్మంటారని ఊరి పెద్దల్ని అడిగించాడు. నాంచారమ్మ పెద్దల్ని ఒప్పించి, సరిగ్గా పాటు వేళకు రమ్మని కబురు పంపించింది. "దిగనీ. మోకాలిదాకా దిగితేగానీ తెలీదు," అని ఆడవాళ్లందరినీ ఒడ్డున నిలబెట్టింది.

పడవ దూరంగా ఆగిపోయింది. వెంట వచ్చినవాళ్లు ఎత్తుకుని తీసుకొస్తామన్నారు. ఆయన వద్దని, పంచె పైకి కట్టుకుని దిగాడు. మధ్యలో ఒకసారి జారి కూర్చున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం నవ్వుతూనే లేచాడు. వెనకే ఫొటోలు తీసే అబ్బాయి ఉన్నాడు.

నాంచారమ్మ ఎదురెళ్లి, "రేవు చూశారా బాబూ?" అంది.

"చూశానమ్మా. మీ కష్టం నా కాళ్లతో చూశాను."

ఆ మాట విని నేను కూడా పని అవుతుందనుకున్నాను. మర్నాడు పేపర్లో బురదలో నడుస్తున్న ఆయన ఫొటో పెద్దగా వచ్చింది. ప్రజల కోసం ఎంత కష్టానికైనా వెనకాడని నాయకుడని కింద రాశారు. రేవు ఊసు లేదు. నేను చదివి వినిపిస్తే నాంచారమ్మ చేప పొలుసు గీకుతూ విన్నది. "మన బురద కూడా ఆయనకే పనికొచ్చింది పంతులమ్మా," అంది. ఆయన గెలిచాడు. రేవు రాలేదు.

ఆ తర్వాత ఆమె అనుమానం ఇంకా ముదిరింది. దాని వల్ల నష్టం లేదని చెప్పను. ఒకసారి ఎవరో కుర్ర ఇంజనీరు టేపు పట్టుకుని రేవు కొలవడానికి వచ్చాడు. "కొలుచుకోండి బాబూ, ఇంతకుముందు కొలిచినోళ్ల కొలతలు ఎలకలు తినేసుంటాయి," అని నలుగురిలో అంది. అందరూ నవ్వారు. అతను ముఖం ఎర్రగా చేసుకుని పని ముగించి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అతను నిజంగానే పని చేసేవాడేమో. ఆమెతో ఆ మాటే అంటే, "అయ్యుండొచ్చు," అని ఊరుకుంది. నమ్మి మోసపోయిన మనిషికి, నమ్మకపోవడం వల్ల పోగొట్టుకున్నదాని లెక్క తెలియదు. ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియదు.

తర్వాతి ఎన్నికల ముందు ఒక అధికారి వచ్చాడు. ఆయన కూడా పోటు వేళకే వచ్చాడు. మా బడి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఊళ్లో ఓట్లు తక్కువ, సిబ్బంది రావడం కష్టం, కాబట్టి పోలింగు కేంద్రాన్ని బడి నుంచి తీసేసి అవతలి ఒడ్డుకు మారుస్తామన్నాడు. పడవలు తామే పెడతామన్నాడు, ముసలివాళ్లకు ఆటోలు కూడా. పెద్దలు తలలూపారు. నాంచారమ్మ వెనక నుంచి ముందుకొచ్చింది.

"ఎందుకు మారుస్తున్నారండీ?"

"మీ సౌకర్యం కోసమేనమ్మా."

"మా సౌకర్యం కోసం ఎన్నడూ రానోళ్లు, ఇప్పుడు మా సౌకర్యం కోసం వెళ్లిపోతామంటున్నారేంటండీ?"

అధికారి నవ్వాడు. మంచివాడే. నాకూ ఆయన చెప్పింది సబబుగానే తోచింది. "పడవ వాళ్లే పెడతామంటున్నారు కదండీ నాంచారమ్మగారూ," అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"పంతులమ్మా, ఆ ఓట్ల పెట్టె నెత్తినెట్టుకుని వాళ్లు ఈ బురదలో దిగేది ఓట్లప్పుడే. మిగతా అన్నిటికీ మనమే పోతున్నాం. రేషను కార్డుకి మనమే పోతున్నాం, ఆసుపత్రికి మనమే పోతున్నాం. ఈ ఒక్కదానికీ మనమే పోతే, ఇంక వాళ్లకి ఈ ఊరితో పనేంటి?"

"అయితే మీరు ఓటు వేసేది నాయకుల కోసం కాదు, మేం రావడం కోసమన్నమాట," అన్నాడు అధికారి.

"నాయకుడు రాడని తెలుసండీ. మీరన్నా రండి."

నేను చదువుకున్న పుస్తకాల్లో ప్రజాస్వామ్యానికి చాలా నిర్వచనాలున్నాయి. ఇది వాటిలో లేదు.

అధికారి వెళ్లాక ఊళ్లో రోజుల తరబడి గొడవ నడిచింది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా చనిపోతే, శవం లేచేదాకా ఎవరూ పడవ నీళ్లలోకి దించకూడదు. పోలింగు అవతలి ఒడ్డున పెడితే ఆ రోజంతా ఆ కట్టుబాటు పాటించాలని నాంచారమ్మ పట్టుబట్టింది.

"శుభమా అని ఓట్లొస్తే చావంటావేంటే?" అని పెద్దాయన కోప్పడ్డాడు. ఆమెకు వరసకు బావ.

"నీ చావు కాదులే బావా, ఉత్తుత్తి చావే. భయపడకు," అంది. గుంపంతా నవ్వింది. ఆ నవ్వుతోనే సగం మంది ఆమె వైపు వచ్చారు. మిగతా సగాన్ని ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడిందని అవతలి ఒడ్డుకు కబురు వెళ్లింది. పోలింగు బడిలోనే ఉంటుందని కొన్నాళ్లకు జవాబొచ్చింది. మేం గెలిచామని నేను సంబరపడ్డాను. "మన మీద ప్రేమ కాదు. ఒక్క ఓటూ పడని ఊరని పేపర్లో వచ్చుద్దని," అని ఆమె తేల్చేసింది.

ఎన్నికలకు ముందురోజు సిబ్బంది వచ్చేసరికి నీళ్లు తీసేశాయి. ఒకాయన పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు, ఒకావిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. బురదలో తడబడుతూ ఒడ్డుకు చేరారు. నాంచారమ్మ బిందెలతో నీళ్లు సిద్ధంగా పెట్టించింది. ఈసారి ఎగతాళి చేయలేదు. చుట్టాలొస్తే ఇచ్చినట్టు స్వయంగా చెంబుతో నీళ్లందించింది. పక్కకొచ్చి నాతో, "చూశారా, ప్రభుత్వం కాళ్లు కడుక్కుంటోంది," అంది. ఆమె ముఖంలో అంత తృప్తి నేను మరెప్పుడూ చూడలేదు. మర్నాడు ఎవరికి వేశారని అడిగితే, "అడక్కూడదని మీరేగా పిల్లలకి చెప్తారు," అంది.

తర్వాత నాకు బదిలీ అయింది. రాష్ట్రం విడిపోయి, రాజధాని మా నది పక్కకే వచ్చింది. కంటి ఆపరేషనుకు విజయవాడ వచ్చి ఆమె మా ఇంట్లో ఉన్నప్పుడు, ఒకరోజు ఆటో మాట్లాడుకుని రాజధాని చూపించడానికి తీసుకెళ్లాను. గర్వంగానే తీసుకెళ్లాను. సచివాలయం దారిలో పోలీసు ఆపాడు. నల్లకళ్లద్దాల్లోంచి ఆమె ఆ భవనాల వైపు చాలాసేపు చూసింది.

"లోపలికి పోనిస్తారా?"

"పాసు ఉండాలండీ."

ఆటో వెనక్కి తిరిగాక అంది. "హైదరాబాదులో ఉన్నప్పుడు దూరం కదా, మన మాట వినపడట్లేదులే అనుకునేదాన్ని. ఇప్పుడేమనుకోను?"

దగ్గరున్న మాకు మంత్రుల కార్లు తెలుసు, ఏ మంత్రి ఎక్కడుంటాడో తెలుసు, కాన్వాయ్ పోయేదాకా ఎండలో నిలబడటం తెలుసు. అంత తెలిశాక మా వీధిలో చాలామంది పోలింగు రోజును సెలవు కింద లెక్కేసుకుంటారు. వీధి దాటితే పోలింగు కేంద్రం. అయినా మధ్యాహ్నం దాకా నిద్రపోతారు. ఎవరినీ నమ్మని నాంచారమ్మ మాత్రం ఏ ఎన్నికా మానలేదు. ఆమె అనుమానం మా అనుమానం లాంటిది కాదు. మాది ఇంట్లో కూర్చోబెడుతుంది. ఆమెది రేవు దాకా నడిపించి, రావలసినవాళ్లు వచ్చారో లేదో చూడమంటుంది. నేను మొదటిదాంతో పుట్టి, రెండోది నేర్చుకున్నాను. పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

నిన్న ఆమె కోడలు మంగ ఫోను చేసింది. పోలింగు అవతలికి మార్చే సంగతి మళ్లీ ఎత్తారట. వచ్చేవారం ఎవరో వస్తున్నారట.

"అత్త లేదు కదండీ. పెద్దోళ్లు అప్పుడే తలూపుతున్నారు," అంది.

ఏం మాట్లాడాలో నేను వరసగా చెప్పడం మొదలుపెట్టాను. ఎవరి సౌకర్యం కోసమని అడగండి, పైపై కారణాలు కాదు, అసలు కారణం చెప్పమనండి, అందరి ముందూ చెప్పమనండి అన్నాను. మంగ ఓపిగ్గా వింది.

"అయ్యన్నీ మాకు తెలుసు టీచరుగారూ. మీరొస్తారా అని అడుగుతున్నా."

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. విజయవాడలో, రాజధాని పక్కన, ఫోనులో ఆ ఊరికి సలహాలు చెబుతూ.

"వస్తాను మంగా," అన్నాను.

ఆ ఊరివాళ్లు బయటివాళ్ల మాటను తూకం వేయకుండా తీసుకోరు.

"ఏ రోజు?" అంది మంగ.