తలుపు రంగు, ఎద్దు కొమ్ములు

గా రంగు డబ్బ మా ఇంటి తలుపు కోసం అచ్చింది. తలుపుకు మాత్రం సుక్క గుడ అంటలే.

మాది మర్ఖేల్ పక్కన చిన్న పల్లె. నిజాం జమాన, ఎక్కడనో లడాయి నడుస్తున్న రోజులు. ఇంటికి రంగంటే మాకు ఎరుకైనయి రెండే: గోడకు సున్నం, గడపకు ఎర్రమన్ను జాజు. తలుపులకు నూనె రంగు పూసుడు నాందేడ్ షావుకార్ల సోకు. గా సోకు మా బాపుకు గుడ పట్టింది. నాందేడ్ పోయినప్పుడు నీలి రంగు డబ్బ పట్టుకచ్చి, "పోళ అయినంక మన తలుపు మెరువాలె" అన్నడు. ఎన్ని రోజులు దాని సుట్టు తిరిగినమో మేము పిల్లలం!

పోళ అంటే ఎడ్ల పండుగ. ఆ రోజు ఎడ్లకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగేసి, మెడల గంటలు కట్టి ఊరంత తిప్పి బెల్లం పోలెలు తినిపిస్తరు. పోళ ముందర మా దిక్కు ఎవలు ఎద్దునమ్మరు. గందుకే ఆ ఏడు పండుగ దగ్గరికస్తుంటె నాకు గుబులు. మా ముసలెద్దు నాగలి గుంజలేకపోతున్నది. "పండుగ దాటంగనే దెగ్లూర్ అంగట్ల అమ్మేస్త. పని చెయ్యని ఎద్దును కూసోవెట్టి మేపుతరా ఎవలన్న?" అని బాపు తేల్చి చెప్పిండు.

దూడప్పుడు దాని తల్లి సచ్చిపోతే పాలు పట్టి సాదింది బాపు నాయన, మా తాతనే. నేను కొట్టంల దాని మెడ పట్టుకొని ఏడుస్తుంటే, "ఏడ్వకు బిడ్డా, నువ్వేడిస్తే అది మేత ముట్టది" అన్నడు. అని, తనే అటు తిరిగి కండువతోని కండ్లు తుడ్సుకున్నడు.

పండుగనాడు బాపు పడుచెద్దును కడగనీకె వాగుకు పోయిండు. ఎప్పుడు కొమ్ములకు జాజే పూస్తం, అది వానకు కొట్టుకపోతది. ఆ రోజు తాత గా తలుపు రంగు డబ్బ మూత లేపిండు. యాప పుల్లకు గుడ్డ సుట్టి, ముసలెద్దు కొమ్ములకు మొదలు నుంచి కొస దాక పట్టించిండు. పూత మీద పూత. నన్ను ముకుతాడు పట్టుకొమ్మన్నడు. గా వాసన ఇప్పటికీ నా ముక్కులనే ఉన్నది.

బాపు అచ్చి సూసి నెత్తి కొట్టుకున్నడు. "ఓరి దేవుడా! తలుపు రంగు ఎద్దుకు పూస్తివా? మతి ఉన్నదా నీకు?"

"పండుగ ఎద్దుది గదరా, తలుపుది గాదు గద" అన్నడు తాత.

ఊర్లె పోరగాండ్లంత మా ఎద్దు ఎంబడి వడ్డరు. కొమ్ములు నీలిగ ఎట్లయినయ్ తాతా అంటే, "గుట్ట మీద మేసుకుంట తల లేపింది. ఆకాశం తాకి రంగంటింది" అన్నడు. "మరి ఆకాశానికి నొప్పి కాలేదా?" అన్నడు మా తమ్ముడు. "అయింది. గందుకే ఏడుస్తున్నది" అని తాత తుంపర్లు సూపిచ్చిండు. గా కథనే నేను నా మనుమలకు చెప్పిన.

అంగడి రోజు బాపు రంగు తీయవోయిండు. గ్యాస్ నూనెతోని తుడిస్తే పోతదట, కాని లడాయి రోజులు, దీపానికే నూనె లేకపాయె. కొడవలితోని గీకిండు. ఈడింత ఆడింత లేచి కొమ్ములు ఇంకింత ఖరాబైనయ్. గట్లనే బండి ఎనుక కట్టిండు. నేను గుడ మొండికేసి బండెక్కిన.

అంగట్ల మొదటి బేరగాడు కొమ్మును ఏలితోని కొట్టి సూసిండు. "శింగాలా కాయ్ ఝాలం?" అని మరాఠీల అడిగిండు, కొమ్ముకేమైందని. పక్కోడు అందుకున్నడు: "కొమ్ము లోపట కుళ్ళింది. గందుకే ఇంత మందంగ పూసిన్రు, మల్ల గీకిన్రు."

"ఒట్టు! అది మా తలుపు రంగు!" అన్నడు బాపు. అందరు పక్కున నవ్విన్రు. ఆయన తలుపు, తలుపు అన్నకొద్ది మంది జరుగుకుంట పోయిన్రు. పొద్దూకె దాక ఒక్కడు బేరం చెయ్యలే. నాకైతే ఎగురాలనిపించింది, బాపు మొకం సూసి ఊకున్న.

ఇంటికచ్చినంక బాపు తాతను నిలదీసిండు. "గిట్లయితదని నీకు ముందే ఎరుకనా?"

"నాకేమెరుకరా, పండుగని పూసిన" అని తాత గడ్డి మోపు ఇప్పిండు. నలబై ఏండ్లు అంగడ్లు తిరిగిన మనిషి! బాపు ఎద్దుకేసి, తాతకేసి సూసి లోపటికి పోయిండు.

ఆ ఎండకాలం తాత పోయిండు. మూడు పొద్దులు ముసలెద్దు మేత సక్కగ ముట్టలే. బాపే దాని పక్కన కూసోని, గంగడోలు నిమిరి, పిడికెడు పిడికెడు తినిపిచ్చిండు.

మల్ల పోళ అచ్చింది. బాపు అటుక మీద నుంచి గా డబ్బ దించిండు. రంగు మీద మీగడ కట్టింది. అది చీల్చి, యాప పుల్లకు గుడ్డ సుట్టి నన్ను పిలిచిండు.

"గట్టిగ పట్టుకో బిడ్డా, మందంగ పుయ్యాలె" అన్నడు. "ఎవడన్న బేరానికస్తే కొమ్ము కుళ్ళిందని చెప్పు."