తూర్పున పంట బోదె

మా బ్రోకరుకి చేతివేగం ఎక్కువ. రాసింది మళ్లీ చూసుకునే అలవాటు మాత్రం లేదు. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

తొంభైల చివరి మాట. అద్దె ఇంటి ఓనరు కొడుకు పెళ్లి పేరు చెప్పి నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. అది మేం ఖాళీ చేయబోయే ఆరో ఇల్లు. ఇంకో అద్దె కొంపకి వచ్చేది లేదని మావారితో తెగేసి చెప్పాను. ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేసేవారు. ఆయనకి లోకంలో అందరూ మంచివాళ్లే, బ్రోకర్లతో సహా. నేను స్కూల్లో పిల్లల నోటు పుస్తకాలు దిద్దే మనిషిని, అంత మంచితనం నాకు లేదు.

భవానీపురంలో దొరికిన ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా. చూసిన రోజే మనసు పడ్డాను. ఇల్లు ఒక ముస్లిం పెద్దావిడది. భర్త పోయాక చెల్లెలి ఊరికి వెళ్లిపోదామని అమ్మకానికి పెట్టారు. ఇంకో పార్టీ కూడా అడుగుతోంది, మాకంటే ఎక్కువే ఇస్తామంటోంది. అప్పటి పద్ధతి ప్రకారం బ్రోకరు స్టాంపు కాగితం మీద మా ధర, గడువు, ఇంటి నాలుగు హద్దులు రాసి, మూలలకు పసుపు పెట్టి ఆవిడకి ఇచ్చొచ్చాడు. మావారి చేత ముందే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట. నాకు చూపించలేదేమని అడిగితే, "మంచి గడియ దాటిపోతుందని పరిగెత్తానండీ" అన్నాడు.

మర్నాడు ఆవిడ కబురు పెట్టారు. వెళ్తే కాగితం నా చేతికిచ్చి, "చదవమ్మా" అన్నారు.

తూర్పున పంట బోదె. దక్షిణాన వరి చేను. పడమర తాటిచెట్ల గట్టు. ఉత్తరాన బండి దారి.

మా బ్రోకరు అంతకు ముందు వారం కంకిపాడులో చేసిన పొలం బేరం కాగితం ముందు పెట్టుకుని, పేర్లూ ధరా మార్చి, హద్దులు ఉన్నవి ఉన్నట్టు దించేశాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"ముప్పై ఏళ్లుగా ఉంటున్నానమ్మా ఇక్కడ. ఈ బోదె కాలవ ఎప్పుడు తవ్వారో నాకు తెలీదు" అన్నారు ఆవిడ నవ్వకుండా. "ఇల్లు సరిగ్గా చూడనోళ్లకి నేనెట్టా ఇచ్చేది? రేపు సాయంత్రం ఆ రెండో పార్టీకి సంతకం పెట్టేస్తాను."

అప్పటిదాకా ఆగమని బతిమాలి వచ్చాను. బ్రోకరుని పిలిచి దులిపేశాను. "హద్దులదేముందండీ, రిజిస్ట్రేషన్ టైంలో సరిచేయించుకోవచ్చు" అన్నాడు. అతనితో పనికాదని, మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి నేనే వెళ్లాను. ఇంటికి నాలుగు వైపులా నడిచాను, పక్కవాళ్ల తలుపులు కొట్టాను. తూర్పున కార్పొరేషన్ రోడ్డు, దక్షిణాన పెంకుటిల్లు, పడమర సందు. ఉత్తరపు ఇంటావిడ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఆ మధ్యగోడ మా ఇద్దరిదీనండీ. వాళ్లాయనా మా ఆయనా కలిసి కట్టించారు. కాగితమేం లేదు, నోటి మాటే" అంది.

కొత్త స్టాంపు కాగితం కొని, అంతా నా చేత్తో రాశాను. ఉత్తరాన, పక్కవారితో ఉమ్మడి గోడ.

సాయంత్రం మావారిని వెంటబెట్టుకుని వెళ్లేసరికి రెండో పార్టీ కాగితం ఆవిడ ముందే ఉంది. వాళ్ల బ్రోకరు కూడా మనవాడి బాపతే. మూడు వైపులా సరిగ్గా రాసి, ఉత్తరపు గోడ మొత్తం ఈ ఇంటిదేనని తేల్చేశాడు. పక్కింట్లో అడిగిన పాపాన పోలేదు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నా కాగితం చదివి, చివరి వరుస మీద వేలు ఆపారు.

"ఆ కాగితానికి సంతకం పెడితే, నేను ఊరు దాటిన మర్నాడే పక్కావిడకి గోడ పోతుంది" అంటూ ఎక్కువ ధర కాగితాన్ని పక్కకి నెట్టేశారు. "నువ్వు వెళ్లి అడిగొచ్చావు. ఇల్లు నువ్వే తీసుకోమ్మా."

ముందు ఉర్దూలో సంతకం చేశారు. కాసేపు ఆలోచించి, కింద తెలుగులో కూడా చేశారు. "నీక్కూడా చదవడానికి రావాలి కదా" అన్నారు.

బయటికొచ్చాక నడిరోడ్డు మీద మావారి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశాను. అప్పట్లో మా వీధుల్లో ఆలుమగలు అలా చేసేవాళ్లు కాదు. చూసేవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను. వాళ్లు ఇకనుంచి మా ఇరుగుపొరుగు.