బాత్‌రూం కిటికీలో బదనిక

వీధి మలుపులో మెట్ల కింద కొట్టు పెట్టుకుని బ్యాగులకీ ప్యాంట్లకీ జిప్పులు మార్చే ఆవిణ్ణి అందరూ జిప్పులక్క అంటారు. ఇరుక్కున్న జిప్పుని లాగి తెంపడం ఆవిడకి నచ్చదు, బుజ్జగించి దారికి తెస్తుంది. మొగుడి విషయంలో మాత్రం ఆ ఓపిక ఎప్పుడో నిండుకుంది.

గొడవంతా ఒక మొక్క గురించి. ఊరు మారిపోతూ ఓ టీచరమ్మ ఇచ్చిన ఆర్కిడ్. ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో, మబ్బులు రాసుకుంటూ పోయే చెట్లకొమ్మల మీద పెరిగే జాతట. మొత్తం మొక్క అరచేతిలో ఇమిడిపోతుంది. మట్టి అక్కర్లేదు. బెరడు ముక్క మీద కాస్త నాచు పరిచి, జిప్పులక్క దాన్ని కుట్టుదారంతో కట్టింది. బాల్కనీలో పెడితే ఎండకి ఆకులు మాడాయి. హాల్లో పెడితే ముడుచుకుపోయాయి. ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి అది కుదురుకున్నది బాత్‌రూం కిటికీలో. గరుకు అద్దంలోంచి మెత్తటి వెలుతురు, పూటపూటా స్నానాల ఆవిరి. పుట్టింటికొచ్చినట్టు తేరుకుంది. ఇన్నాళ్ళకి ఆకు మొదట్లో ఆవగింజంత మొగ్గ కూడా తొడిగింది.

సరిగ్గా అప్పుడే మొగుడికి బాత్‌రూం గోడ ఆవిరికి పెచ్చులూడటం కనిపించింది.

"ఆ కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తున్నా. నీ బదనికని తీసెయ్."

"అది బదనిక కాదండీ."

"చెట్టు మీద బతికేదాన్ని బదనికే అంటారు. ఆసరా ఇచ్చినదాని రసమే పీల్చేస్తుంది."

"బదనిక పీలుస్తుంది. ఇది ఊరికే కూర్చుంటుంది. దాని నీళ్ళు అది గాల్లోంచే తాగుతుంది. కూర్చున్నవాళ్ళందరూ తినేవాళ్ళేనా?"

సోఫాలో బిస్కెట్లు తింటున్న అత్తగారు నమలడం ఆపేసింది. "నన్నేనా అమ్మాయ్?"

"అయ్యో, మిమ్మల్ని కాదత్తయ్యా!" జిప్పులక్క చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఫ్యాను బిగించే మనిషి డ్రిల్లింగ్ మెషీన్‌తో దిగేసరికి, ఆవిడ బాత్‌రూంలో దూరి గడియ పెట్టుకుంది. ఒంటి మీద పొడి బట్టలే. బకెట్ బోర్లించుకుని, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, మొగ్గకి కాపలా కూర్చుంది.

"ఎంతసేపే?"

"మొగ్గ విచ్చేదాకా!"

మొగుడు తలుపు సందులో నోరు పెట్టి గొంతు తగ్గించాడు. "బయటి మనిషి ముందు పరువు తియ్యకే. పైగా నాకు అర్జంటు."

"పక్కింటికెళ్ళండి."

ఫ్యాను మనిషి నవ్వాపుకోవడానికి స్క్రూలు ఏరుకుంటున్నట్టు నేల మీదికి వంగాడు. ఇంతలో అత్తగారు లేచొచ్చింది.

"ఒరేయ్, నాకూ అర్జంటే. నేను పక్కిళ్ళకి పోయేదాన్ని కాను. ఆ ఫ్యానేదో వంటింట్లో బిగించి, నీ పెళ్ళాన్ని బయటికి రానీ."

"మరి గోడ?"

"గీకి రంగు నేనేస్తా!" లోపలినుంచి కేక.

గడియ తియ్యగానే అత్తగారు కోడల్ని తోసుకుని లోపలికి దూరింది.

కొన్నాళ్ళకి పువ్వు విచ్చింది. చొక్కా బొత్తామంత, పసుప్పచ్చగా, మధ్యలో గోధుమరంగు చుక్కతో. మొగుడు కళ్ళజోడు పైకెత్తీ దించీ చూశాడు.

"ఇంతేనా? దీనికా అంత రాద్ధాంతం?"

"ఇంతే," అని జిప్పులక్క గీజరు స్విచ్చేసింది.